కనిపెట్టిన మాటలతో గేమ్ రాస్తే ఆడేవాళ్ళు ఎందుకు మధ్యలో వదిలేస్తారు?

మీరు అడిగింది నాకు అర్థమైనట్టు ముందు చెబుతాను. తెలుగులో ఒక టెక్స్ట్ గేమ్, అంటే బొమ్మలు లేకుండా అక్షరాలతోనే నడిచే ఆట, రాస్తున్నారు. అందులో వస్తువులకు, చోట్లకు, పనులకు అన్నిటికీ మీరే పేర్లు కనిపెట్టారు. ఆరుగురికి ఆడమని ఇస్తే ఐదుగురు రెండో తెర దాటలేదు. ఇలాంటి భాషా ప్రయోగం ఆటల్లో ఎక్కడైనా నిలబడిందా, తెలుగులో కుదిరే పనేనా, పక్కన అర్థాల పట్టిక ఇవ్వాలా అన్నవి మీ మూడు ప్రశ్నలు.

ఈ ఆటలు ఆడటం మొదలుపెట్టి 20 ఏళ్ళు దాటింది, రాయడం మొదలుపెట్టి పదేళ్ళయింది. మీరు జతచేసిన మొదటి తెర రెండుసార్లు చదివాను. పన్నెండు వాక్యాలు, ముప్పై దాకా కొత్త మాటలు. మాటలు బాగున్నాయి, చెవికి తెలుగులాగే తగులుతున్నాయి. కానీ తెర అడుగున లింకులు రెండే ఉన్నాయి: 'ముందుకు వెళ్ళు', 'ఆగి చూడు'. చిక్కంతా అక్కడుంది. ముప్పై మాటలు చూపించి ఒక్కదాన్నీ ముట్టుకోనివ్వలేదు. ఆడే మనిషి చేతికి ఇచ్చిన రెండూ మామూలు తెలుగు మాటలే. ఇక ఆ ముప్పై మాటలూ అతనికి గోడ మీది రంగులాంటివి. చూస్తాడు, పక్కకు తిరుగుతాడు.

పుస్తకంలో తెలియని మాట తగిలితే చదివేవాళ్ళు చుట్టుపక్కల మాటల్ని బట్టి ఏదో ఊహించుకుని ముందుకు పోతారు. ఊహ తప్పయినా పుస్తకం ఏమీ అనదు. గేమ్‌లో ఆ ఊహను అక్కడికక్కడే టైపు చేసి చూడొచ్చు, లేదా నొక్కి చూడొచ్చు. గేమ్ బదులు చెబుతుంది. కొత్త భాషను ఆటలో పెట్టడానికి మనకున్న బలం ఇదొక్కటే. దీన్ని వాడుకోకపోతే ఆ ప్రయోగం కథలో పెట్టినా ఒకటే, గేమ్‌లో పెట్టినా ఒకటే.

ఈ బలం టెక్స్ట్ గేమ్‌లతో పాటే పుట్టింది. 1970ల మధ్యలో అమెరికాలో విల్ క్రౌథర్ అనే ప్రోగ్రామర్, తను స్వయంగా తిరిగిన కెంటకీ గుహలను మనసులో పెట్టుకుని 'అడ్వెంచర్' రాశాడు. 1977లో స్టాన్‌ఫర్డ్‌లో ఉన్న డాన్ వుడ్స్ దాన్ని పెంచి పెద్దది చేశాడు. గుహలో ఒకచోట, మంత్రం మాట అంటూ, 'ఎక్స్ వై జెడ్ జెడ్ వై' అని ఐదు అక్షరాలు రాసి ఉంటాయి. ఏ నిఘంటువులోనూ లేని మాట, నోరు తిరగని మాట. దాన్ని టైపు చేస్తే మరుక్షణం గుహ బయటి ఇటుకల ఇంట్లో ఉంటాం. మళ్ళీ టైపు చేస్తే మళ్ళీ గుహలో. అర్థం ఎవరూ చెప్పరు. ఆ మాట మనల్ని ఎక్కడికి తీసుకెళ్తుందో చూశాక అర్థం అడగాలనే అనిపించదు. అప్పట్లో ఆ ప్రోగ్రాం ప్రతి మాటలోనూ మొదటి ఐదు అక్షరాలే చూసేది. ఈ మాటకు సరిగ్గా ఐదే ఉండటం నాకు ఇప్పటికీ ముచ్చటేస్తుంది.

మీ ప్రయోగానికి నేరుగా పెద్దన్నలాంటిది 2001లో కార్ల్ మకెన్‌హౌప్ట్ రాసిన 'ది గోస్టాక్'. పేరు వెనక ఒక పాత వాక్యం ఉంది. 1903లో ఆండ్రూ ఇంగ్రహమ్ 'ది గోస్టాక్ డిస్టిమ్స్ ది డాషెస్' అని రాశాడు. అందులో మూడు మాటలకు అర్థం లేదు. అయినా ఇంగ్లీషు వచ్చినవాళ్ళు తడుముకోకుండా చెబుతారు: డాషెస్‌ను డిస్టిమ్ చేసేది ఎవరు? గోస్టాక్. గోస్టాక్ చేత డిస్టిమ్ అయ్యేవి ఏవి? డాషెస్. 1923లో ఆగ్డెన్, రిచర్డ్స్ ఇద్దరూ అర్థం అనే విషయం మీద రాసిన పుస్తకంతో ఈ వాక్యానికి ప్రచారం వచ్చింది. మకెన్‌హౌప్ట్ ఆ ఒక్క వాక్యం మీద లోకం కట్టాడు. ఆడేవాడే గోస్టాక్, డాషెస్‌ను డిస్టిమ్ చెయ్యడమే అతని పని. వస్తువులు, పనులు, గుణాలు అన్నీ కనిపెట్టిన మాటలే. ఇంగ్లీషు నుంచి మిగిలినవల్లా 'ది', 'ఆఫ్', 'ఈజ్' లాంటి చిన్న మాటలు, బహువచనానికీ భూతకాలానికీ తగిలే తోకలు, వాక్యంలో మాటల వరస.

మొదటిసారి ఆడినప్పుడు నాకు అరగంట దాకా ఏమీ పాలుపోలేదు. వచ్చిన ఇంగ్లీషు ఆజ్ఞలన్నీ వాడి చూశాను, ఒక్కటీ పనికిరాలేదు. తరవాత ఒక సంగతి కళ్ళబడింది. నేను తప్పు ఆజ్ఞ ఇచ్చిన ప్రతిసారీ గేమ్ దాని భాషలోనే మందలిస్తోంది. ఆ మందలింపులోనే నాకు కావలసిన క్రియ ఉంది. అప్పుడు కాగితం తీసుకుని తప్పులు చెయ్యడం మొదలుపెట్టాను, కావాలనే. ఇక ముడి ఒకటొకటే వీడింది. ఈ ఆటలో భాష నేర్పేది వర్ణన కాదు, తప్పుకు వచ్చే జవాబు. మీ ఆటలో ఆ జవాబులే లేవు, ఎందుకంటే తప్పు చేసే వీలే లేదు.

ఇక తెలుగులో కుదురుతుందా అంటే, ఇంగ్లీషులో కన్నా బాగా కుదురుతుంది. ఇంగ్లీషు వాక్యం మాటల వరస మీద నిలబడుతుంది. మన వాక్యం మాటల చివర తగిలే ప్రత్యయాల మీద నిలబడుతుంది. మాట కొత్తదైనా దాని చివర 'ని', 'కి', 'లో', 'తో' ఉంటే అది వాక్యంలో ఏం చేస్తోందో తెలిసిపోతుంది. క్రియ అంతమయ్యే తీరు ఇంకా ఎక్కువ చెబుతుంది. నేను ఒకసారి రాసి చూసిన గది ఇది (బాణం గుర్తున్న వరసలు ఆడేవాళ్ళు టైపు చేసే ఆజ్ఞలు, మిగతావి గేమ్ మాటలు):

నువ్వు జివ్వటలో ఉన్నావు. మూలన ఒక తొర్లం కెమరి ఉంది.

> తొర్లాన్ని చూడు
కెమరిన తొర్లం. మూదె మీద దుమ్ము. కదిపితే లోపల ఏదో గలగలమంటోంది.

> తొర్లాన్ని తెరువు
తొర్లాలను తెరవరు, నొసుకుతారు. అదీ మూదె దగ్గర పట్టుకుని.

> తొర్లాన్ని నొసుకు
మూదె పట్టుకుని తొర్లాన్ని నొసికావు. లోపలి నుంచి ఒక లిటిక జారి నీ అరచేతిలో పడింది.

> తొర్లాన్ని కెమర్చు
లిటిక బయటే ఉండగా తొర్లాన్ని కెమర్చావు. ఇప్పుడు గలగల లేదు.

ఇందులో కొత్త మాటలు ఆరు. 'నొసుకు' అని ఒక్కసారి కనబడితే చాలు, తెలుగువాళ్ళు 'నొసికావు', 'నొసకాలి', 'నొసకలేవు' అని వాళ్ళంతట వాళ్ళే అనేస్తారు, 'వెతుకు' మన నోట్లో ఎప్పటి నుంచో ఉంది కనక. 'కెమరి ఉంది' అని మొదటి వాక్యంలో చదివినవాళ్ళు 'కెమర్చు' అని సొంతంగా టైపు చెయ్యగలరు. అమరు, అమర్చు, మారు, మార్చు, చేరు, చేర్చు అని ఆ జత మనకు పుట్టుకతో తెలుసు. గేమ్ ఎక్కడా నేర్పని ఆజ్ఞను ఆడేవాళ్ళే తయారుచేసి, అది పనిచెయ్యడం చూసినప్పుడు కలిగే సంతోషం వేరు. నేను ఈ రకం ఆటలు రాసేదే ఆ ఒక్క క్షణం కోసం.

ఇంకో రెండు సదుపాయాలు చెబుతాను, ఇవి మీకు వెంటనే పనికొస్తాయి. ఒకటి, లెక్క. 'మూడు మూదెలు' అంటే వస్తువులు, 'ముగ్గురు మూదెలు' అంటే మనుషులు. ఒక్క అంకెతో మీ కొత్త మాటకు ప్రాణం పోయొచ్చు. కథ సగంలో 'మూడు' కాస్తా 'ముగ్గురు' అయిందనుకోండి, ఇన్నాళ్ళూ వస్తువులనుకున్నవి మనుషులని ఆడేవాళ్ళకు తెలిసి ఒళ్ళు జలదరిస్తుంది. రెండోది, ఔపవిభక్తికాలు. ఇల్లు అనే మాట 'కి' ముందు ఇంటికి అవుతుంది, కన్ను కంటికి అవుతుంది. మీరు 'మెల్లు' అని ఒక మాట కనిపెట్టి, రెండో వాక్యంలో 'మెంటికి తాళం వేసి ఉంది' అని రాస్తే చదివేవాళ్ళకు అది ఇల్లులాంటిదేదో అని చెప్పకుండానే అనిపిస్తుంది. మీ మొదటి తెరలోని మాటలన్నీ ఒకే మూసలో 'అం'తో ముగుస్తున్నాయి. ఆ మూస మంచిదే, కానీ ముప్పై మాటలూ అలాగే ఉంటే ఏది ఏదో గుర్తుండదు.

నేను పడ్డ ఒక ఇబ్బంది కూడా చెప్పాలి. పైన చూపిన గదిని మా పెద్దమ్మకు ఇచ్చాను. ఆవిడ బడిలో తెలుగు చెప్పి రిటైరయ్యారు. కంప్యూటర్ ముందు కూర్చుని, పక్కన రూళ్ళ పుస్తకం పెట్టుకుని, మొదట టైపు చేసిన మాట 'తొర్లమును నొసుకుము'. నా ప్రోగ్రాంకు అది అర్థం కాలేదు. తొర్లం, తొర్లాన్ని, తొర్లానికి, తొర్లంలో, తొర్లంతో, తొర్లాలు అని రూపాలన్నీ చేర్చాను గానీ 'తొర్లము' అని ఒకరు అంటారని నాకు తట్టలేదు. ఆవిడ భాషను నాకన్నా బాగా పట్టుకున్నారు, తప్పు నా పట్టికది. తరవాత 'నొసకండి' అన్నారు. అదీ లేదు. ఆజ్ఞకు మర్యాద రూపం ఉంటుందని నేను మరిచిపోయాను. ఆ వారమంతా కూర్చుని ఒక్క 'తలుపు తీయడానికే' తియ్యి, తీ, తియ్, తెరు, తెరువు, తియ్యండి, తెరవండి, తెరవాలి అని అన్నీ చేర్చాను. కోస్తాలో ఒకలా, తెలంగాణలో ఒకలా, సీమలో ఇంకోలా అంటారు. వాళ్ళలో ఎవరికీ 'అర్థం కాలేదు' అని జవాబు రాకూడదు. కనిపెట్టిన భాషతో ఆడించేటప్పుడు ఇది మరీ ముఖ్యం. తను తప్పు ఊహించాడో, ప్రోగ్రాం చేతకానిదో ఆడేవాడికి తేడా తెలియకపోతే నమ్మకం పోతుంది, పోయిన నమ్మకం తిరిగి రాదు.

పెద్దమ్మ పుస్తకంలో తరవాత చూశాను. 'నొసుకు: మూత తీయుట? మెలితిప్పుట?' అని రెండు ప్రశ్నార్థకాలతో రాసుకున్నారు. మర్నాటికి 'మూత తీయుట' కొట్టేసి ఉంది. ఎందుకని అడిగితే, 'మూదె దగ్గర పట్టుకుని అన్నాడు కదరా, మూత తీసేటట్టయితే పట్టుకుని అని ప్రత్యేకంగా చెప్పడు' అన్నారు. నేను రాసినప్పుడు అంత దూరం ఆలోచించలేదు. ఆవిడ చదువు చూశాక 'నొసుకు' అంటే ఏమిటో నాకూ స్పష్టంగా తెలిసింది.

ఆవిడే ఇంకో మాట అడిగారు. గేమ్ తనను 'నువ్వు' అంటుంటే తను దాన్ని 'అండి' అనడం ఎందుకు అని. ఇంగ్లీషు ఆటల్లో 'యూ' ఒక్కటే, ఈ ప్రశ్నే రాదు. మనకు మొదటి వాక్యంలోనే నువ్వా, మీరా తేల్చుకోవాలి. తేల్చుకోవడం ఒక భారం అనుకోకండి, అది మీ చేతిలో పనిముట్టు. ఆట మొదట్లో 'నువ్వు' అన్న గొంతు, ఆడేవాళ్ళు ఒక పని చేశాక ఉన్నట్టుండి 'మీరు' అంటే, ఆ లోకంలో వాళ్ళ స్థానం మారిందని ఇంకేమీ రాయకుండానే తెలుస్తుంది. పైగా 'వచ్చావు', 'తీశావు' అన్నప్పుడు ఆడా మగా తెలియదు. హిందీలో రాసేవాళ్ళకు ఆ వెసులుబాటు తక్కువ. కథానాయకుడో నాయికో చివరిదాకా దాచాలంటే తెలుగు మధ్యమ పురుష మీకు సాయం చేస్తుంది.

మాటలు కనిపెట్టడం ఒక్కటే దారి కాదు. ఉన్న మాటల్లో కొన్నిటిని నిషేధించడం ఇంకో దారి, నాకైతే అదే ఎక్కువ ఇష్టం. 2000లో నిక్ మాంట్‌ఫర్ట్ 'యాడ్ వెర్బమ్' రాశాడు. అందులో కొన్ని గదుల్లో వర్ణన మొత్తం ఒకే అక్షరంతో మొదలయ్యే మాటలతో ఉంటుంది. ఆడేవాళ్ళు ఇచ్చే ఆజ్ఞ కూడా అదే అక్షరంతో మొదలవ్వాలి. గది నుంచి బయటపడాలన్నా మామూలుగా అలవాటైన మాట పనికిరాదు, ఆ అక్షరంతోనే ఇంకో మాట వెతుక్కోవాలి. మాంట్‌ఫర్ట్‌కు ఆ ఊహ, కావాలని నియమాలు పెట్టుకుని రాసే ఫ్రెంచి రచయితల ఉలిపో బృందం నుంచి వచ్చింది. అది చదివినప్పుడు నాకు గుర్తొచ్చింది మాత్రం అవధాన వేదిక. నిషిద్ధాక్షరిలో పృచ్ఛకుడు ఒక్కో అక్షరానికి 'ఇది కుదరదు' అంటాడు, అవధాని వేరే అక్షరం వేసి పద్యాన్ని ముందుకు నడుపుతాడు. ఒకరు అడ్డు వెయ్యడం, ఒకరు దారి వెతకడం, వంతులవారీగా. టెక్స్ట్ గేమ్ నడిచే తీరు సరిగ్గా అదే. కాకపోతే అవధానంలో మనం చూసేవాళ్ళం, ఇక్కడ అవధాని కుర్చీలో మనమే కూర్చుంటాం.

మరింగంటి సింగరాచార్యులు పెదవులు కలిసే అక్షరాలు లేకుండా 'దశరథరాజనందన చరిత్ర' రాశారు. ఆ నిరోష్ఠ్యాన్ని ఒక గదిగా ఊహించండి. ప ఫ బ భ మ, ఈ ఐదూ అందులో చెల్లవు.

> తలుపు తెరువు
ఆ అక్షరాన్ని ఈ గది వినదు.

> వాకిలి తెరువు
వాకిలి తెరిచావు. ఎదుట నది.

'తలుపు'లో 'పు' ఉంది. అది గమనించి 'వాకిలి' అనే మాట తెచ్చుకోవడమే ఇక్కడి చిక్కుముడి. 'పెట్టె'కు బదులు తెలంగాణలో వాడే 'సందుగ' తెలిసినవాళ్ళకు పని సులువు, ఊళ్ళో అమ్మమ్మ దగ్గర పెరిగినవాళ్ళకు ఇలాంటి మాటలు ఎక్కువ తెలిసి ఉంటాయి. గేమ్ జవాబును కూడా చూడండి, 'ఆ అక్షరాన్ని ఈ గది వినదు' అన్న వాక్యంలో ఆ ఐదు అక్షరాలు లేవు. నిషేధం ఆడేవాళ్ళకే పెట్టి, మీ వాక్యాలకు పెట్టుకోకపోతే అది అన్యాయం, ఆడేవాళ్ళు ఆ అన్యాయాన్ని ఇట్టే పసిగడతారు. మాంట్‌ఫర్ట్ ఆట నిలబడింది ఈ నిజాయితీ వల్లే.

మాటను వస్తువుగా చూసే ఇంకో రకం ఉంది. ఇన్ఫోకామ్ కంపెనీ 1987లో తెచ్చిన 'నార్డ్ అండ్ బర్ట్' అనే ఆటలో జెఫ్ ఓనీల్ ఇంగ్లీషు జాతీయాల్ని, ఒకేలా వినిపించే మాటల్ని అక్షరాలా జరిగేలా చేశాడు. మన సామెతలతో అలాంటి ఆట ఎవరైనా రాస్తే ఎంత బాగుంటుందో. 'కొండను తవ్వు' అని టైపు చేస్తే ఎలుక దొరకాలి. 2012లో ఎమిలీ షార్ట్ రాసిన 'కౌంటర్‌ఫిట్ మంకీ' ఇంకా ముందుకు వెళ్ళింది. అందులో ఒక పరికరం ఉంటుంది, వస్తువు పేరులో ఒక అక్షరం తీసేస్తే ఆ వస్తువే ఇంకోటైపోతుంది. దీన్ని అనువాదం చెయ్యడం కుదరని పని, ఎందుకంటే అది ఇంగ్లీషు వర్ణక్రమంలో పుట్టింది. కానీ మన లిపిలో దానికన్నా అందమైన పరికరం సాధ్యం: వత్తు తీసే పరికరం. గద్దకు వత్తు తీస్తే గద. గడ్డికి తీస్తే గడి. మడ్డికి తీస్తే మడి. సున్నా తీసే పరికరం ఇంకోటి ఉంటే పంది పది అవుతుంది, అప్పుడు ఆ పదిని ఏం చేసుకోవాలో వాళ్ళే తేల్చుకోవాలి. నేను ఒక సాయంత్రం కూర్చుని ఇలాంటి జతలు నలభై దాకా రాసుకున్నాను. మీ దగ్గర ఓపిక ఉంటే ఈ ఆట మీరే రాయండి, నేను జతలన్నీ ఇస్తాను.

డాన్ ష్మిట్ 1999లో రాసిన 'ఫర్ ఎ చేంజ్'లో మాటలన్నీ మామూలు ఇంగ్లీషువే, పొందికే వింతగా ఉంటుంది. కొత్త మాట కనిపెట్టడం కన్నా ఇది కష్టం. ప్రతి వాక్యం కవిత్వంలా తోచి, చివరికి ఏం చెయ్యాలో తెలియకుండా పోయే ప్రమాదం ఉంది. మీ మొదటి ఆటకు ఈ దారి వద్దంటాను.

'లాస్ట్ పిగ్' గురించి మాత్రం ఒక జాగ్రత్త చెప్పాలి. 2007లో ఇంటరాక్టివ్ ఫిక్షన్ పోటీ గెలిచిన ఆట ఇది. కథ చెప్పే గ్రంక్ ఒక ఓర్క్, అంటే ఇంగ్లీషు ఫాంటసీ కథల్లో కనబడే రాక్షసుడిలాంటి జీవి. అతనికి వ్యాకరణం సరిగ్గా రాదు, గేమ్ ఇచ్చే ప్రతి జవాబూ ఆ విరిగిన భాషలోనే ఉంటుంది, 'అలా చెయ్యలేవు' అనే అతి మామూలు జవాబుతో సహా. అందుకే గ్రంక్ మన పక్కనే ఉన్నట్టు అనిపిస్తాడు. ఇది చూసి తెలుగులో చాలామందికి వచ్చే మొదటి ఆలోచన, ఆ గొంతును ఏదో ఒక మాండలికంలో పెడదామని. దయచేసి ఆ పని చెయ్యకండి. గ్రంక్ భాష ఏ ఊరి భాషా కాదు, ఆ రచయిత కల్పించింది. ఒక ప్రాంతం వాళ్ళ ఇంటి భాషను తెలివితక్కువకు గుర్తుగా పెడితే, ఆ ప్రాంతం వాళ్ళకు అది మొదటి వాక్యంలోనే గుచ్చుకుంటుంది. సినిమాల్లో దశాబ్దాలుగా చూసిన గాయం అది. మాండలికంలో రాయాలనుంటే నిండుగా రాయండి, తెలివైన పాత్రకు, కథ మొత్తానికి ఇవ్వండి. 'గా తొర్లంల ఏముందో సూడు' అని గంభీరంగా సాగే ఆట ఒకటి నేను ఎంతో ఇష్టంగా ఆడతాను.

అర్థాల పట్టిక ఇవ్వాలా అంటే, ఇవ్వకండి. పట్టిక ఇచ్చిన క్షణం నుంచి మీ భాష సంకేత లిపి అయిపోతుంది. ఆడేవాళ్ళు ప్రతి మాటనూ పట్టికలో చూసి మామూలు తెలుగులోకి మార్చుకుంటారు, మీ మాట వాళ్ళ నోట్లో నిలవదు. దానికి బదులు ఖాళీ పుస్తకం ఇవ్వండి. మీరు వాడుతున్న ట్వైన్‌లో, అంటే ఈ లింకుల ఆటలు రాసే పనిముట్టులో, ఆడేవాళ్ళు టైపు చేసే పెట్టె పెట్టొచ్చు. ప్రతి కొత్త మాట పక్కన వాళ్ళ ఊహ వాళ్ళే రాసుకునే పేజీ ఒకటి చెయ్యండి. గేమ్ ఆ ఊహను ఒప్పనీ తప్పనీ అనకూడదు, దాచి ఉంచాలి, కావాలంటే మార్చుకోనివ్వాలి. పెద్దమ్మ రూళ్ళ పుస్తకంలో జరిగిందంతా ఆ పేజీలో జరుగుతుంది.

పనిముట్ల సంగతి క్లుప్తంగా. టైపు చేసే ఆట రాయాలనుంటే, ఇలాంటి ఆటల కోసమే ఉన్న ఇన్ఫార్మ్ 6 అనే ప్రోగ్రామింగ్ భాష చూడండి. దానికి ఇంగ్లీషు కాని భాషల కోసం విడిగా ఒక భాషా ఫైలు రాసుకునే ఏర్పాటు ఉంది, ఫ్రెంచి, జర్మన్, స్పానిష్ వాళ్ళు అలాగే చేసుకున్నారు. ఆడేవాళ్ళు టైపు చేసిన వరసను ప్రోగ్రాం చదవకముందే మీరు మార్చుకునే చోటు అందులో ఉంది. మన క్రియ చివర వస్తుంది కనక, దాన్ని అక్కడే ముందుకు జరిపేయొచ్చు. తయారైన ఆటను జెడ్-మెషీన్ అనే ఫైలు ఫార్మాట్‌లో మాత్రం పెట్టొద్దు. దాని నిఘంటువులో మాటకు 9 గుర్తుల చోటే ఉంటుంది, ఇంగ్లీషేతర అక్షరం ఒక్కోటీ మామూలుగా నాలుగు గుర్తుల చోటు తింటుంది, అంటే తెలుగు మాటలో రెండు గుర్తులు పట్టేసరికి చోటైపోతుంది. ఆండ్రూ ప్లాట్కిన్ 1999లో చేసిన గ్లుల్క్స్ అనే ఇంకో ఫార్మాట్‌లో ఈ ఇరుకు లేదు, యూనికోడ్ మాటలు తీసుకుంటుంది. ఇంకో సంగతి, ఫోన్‌లో ఆడేవాళ్ళలో చాలామంది తెలుగును రోమన్ అక్షరాల్లో కొడతారు. అది కూడా తీసుకునేలా చేస్తే ఆడేవాళ్ళు పెరుగుతారు.

అయితే ఉన్న ఆటను పారేసి అక్కడికి పరుగెత్తకండి, ట్వైన్‌లోనే సరిదిద్దుకోవచ్చు. ఆ ముప్పై మాటల్లో ఆరు ఉంచండి, మిగతావి తరవాతి గదులకు దాచండి. 'ముందుకు వెళ్ళు', 'ఆగి చూడు' తీసేసి, ఆ ఆరు మాటల్నే లింకులు చెయ్యండి. వస్తువు మాట నొక్కితే దానికి ఏం చెయ్యొచ్చో రెండు కొత్త క్రియలు కనబడాలి. అందులో ఒకటి పనిచెయ్యాలి, రెండోది నొక్కితే మీ భాషలో మందలింపు రావాలి, ఆ మందలింపులో మూడో క్రియ ఉండాలి. తప్పు లింకు నొక్కినవాళ్ళకు సరైన లింకు నొక్కినవాళ్ళకన్నా ఎక్కువ తెలియాలి. ఆ ఒక్క గదిని ముందు ఇంతకుముందు ఆడనివాళ్ళు ముగ్గురికి ఇవ్వండి, రెండో గది అప్పుడే రాయకండి. వాళ్ళ పక్కన కూర్చోండి, ఏమీ చెప్పకండి, ఏ క్రమంలో ఏది నొక్కారో కాగితం మీద రాసుకోండి. 'ఇదేమిటి?' అని ఎవరైనా మిమ్మల్ని అడిగిన చోట గుర్తు పెట్టుకోండి. గేమ్‌ను అడగాల్సిన ప్రశ్న మీ దగ్గరికి వచ్చిందంటే ఆ చోట ఒక జవాబు రాయడం మిగిలిపోయిందన్నమాట, ఆ రాత్రి దాన్ని రాయండి.